డెసిసివ్ అంటే తెగువేనా?

రిటైరయ్యాక పాత కాయితాలు సర్దుతుంటే ఒక జిరాక్సు కాపీ దొరికింది. చాలా ఏళ్ళ కిందట నా తర్వాత డిపార్టుమెంటు బాధ్యత ఎవరికివ్వాలో నిర్ణయించే ముందు, ఒక జూనియర్ కొలీగ్ గురించి నా అభిప్రాయం రాసిమ్మని అడిగితే రాసిచ్చిన అరపేజీ అది. ఆమె పాఠం బాగా చెబుతుందనీ, పిల్లలకు ఆమె అంటే ప్రాణమనీ, చదువుకునే మనిషనీ రాశాను. చివరి వాక్యం మాత్రం ఇంగ్లీషులో చాలా పొట్టిగా ఉంది. ఆమె డెసిసివ్ కాదు అని.

ఆ పదవి ఆమెకు రాలేదు. నా ఒక్క వాక్యం వల్లే రాలేదని చెప్పుకుంటే నాకు నేను లేని ప్రాముఖ్యం ఇచ్చుకున్నట్టవుతుంది. కానీ ఆ వాక్యం పనికొచ్చిందని మాత్రం నాకు తెలుసు. మీటింగులో ఎవరో దాన్ని పైకి చదివారట. అందరూ తలలూపారట. డెసిసివ్ కాదంటే ఏమిటని ఒక్కరూ అడగలేదు. ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నేను కూడా ఆ మాట రాసేటప్పుడు దాని అర్థమేమిటని అడుక్కోలేదు. ఈ వ్యాసం ఆలస్యంగా అడుక్కుంటున్న ఆ ప్రశ్న.

ఆమెను నేను అలా ఎందుకన్నానో నాకు బాగా గుర్తుంది. ఆ ఏడాది హాజరు తక్కువైన అమ్మాయిల లిస్టు పంపమన్నారు. లిస్టులో పేరుంటే పరీక్ష రాయనివ్వరు. ఆమె సెక్షన్‌లో తొమ్మిది పేర్లున్నాయి. పక్క సెక్షన్ చూసే ఆయన రిజిస్టరు ముందేసుకుని, ఎర్ర పెన్నుతో గీతలు గీసి, సాయంత్రానికల్లా పద్నాలుగు పేర్లు నోటీసు బోర్డు మీద అంటించేశాడు. ఈమె మాత్రం “మేడమ్, నాకు వారం రోజులు టైమివ్వండి” అంది. నేను విసుక్కున్నాను. ఆమె ఆ వారంలో తొమ్మిది మంది ఇళ్ళకూ వెళ్ళింది. ఒకమ్మాయి తల్లికి ఆపరేషనయి ఇంట్లో వంటంతా తనే చేస్తోంది. ఇంకొకమ్మాయి మధ్యాహ్నాలు కోఠీలో చీరల దుకాణంలో పనిచేస్తోంది. మరొకమ్మాయికి సంక్రాంతికి ముందు పెళ్ళయింది, అత్తగారు కాలేజీ సంగతి తర్వాత చూద్దామన్నారు. ఈమె తిరిగొచ్చి ఆరుగురికి కారణాలు రాసి, సర్టిఫికెట్లు జతచేసి, మినహాయింపు అడిగింది. ముగ్గురి పేర్లు మాత్రమే లిస్టులో పెట్టింది.

ఆమె ఆలస్యానికి ఖరీదు లేదని నేననను. హాల్‌టికెట్లు ఆలస్యమయ్యాయి. గుమాస్తా ఒక రాత్రంతా కూచోవాల్సి వచ్చింది. పూర్తి హాజరున్న పిల్లలు కూడా నాలుగురోజులు ఆదుర్దా పడ్డారు. ఆ కోపం నాలో ఉండిపోయింది. మీటింగుల్లో ఆమె “ఇంకోసారి కనుక్కుందాం మేడమ్” అన్నప్పుడల్లా పెరిగింది. ఎర్ర పెన్ను ఆయనను అందరూ డెసిసివ్ అన్నారు. ఆ పద్నాలుగు మందీ ఏమయ్యారో మేమెవ్వరం కనుక్కోలేదు.

ఇంతకీ ఆ మాటలో ఏముంది? ఇంగ్లీషువాళ్ళ డిసైడ్, డెసిసివ్ రెండూ లాటిన్ నుంచి వచ్చాయి. మూలంలో ఉన్న అర్థం కోసేయడం. నరికి వేరు చేయడం. ఒకటి ఎంచుకోవడమంటే మిగతావాటిని కోసి పారేయడమని ఆ భాష అనుకుంది. డెసిసివ్‌కి ఇంగ్లీషులో రెండు వాడుకలున్నాయి. మనిషి డెసిసివ్ అంటే నాన్చకుండా, తడబడకుండా తేల్చేసేవాడు. యుద్ధమో ఓటో డెసిసివ్ అంటే ఫలితాన్ని తేల్చేసేది. ఒకటి మనిషి గుణం, రెండోది జరిగినదాని ఫలం. ఈ రెంటినీ ఒకే మాట మోస్తుండడంతో, తొందరగా తేల్చేవాడే ఫలితం తెచ్చేవాడని మనకు తెలియకుండానే నమ్ముతాం.

నేను పుట్టి పెరిగింది చాదర్‌ఘాట్‌లో. మా గల్లీలో తెలుగు, ఉర్దూ కలిసే ఉండేవి. మా నాన్న అన్నదమ్ముల పంపకాల గురించి మాట్లాడేటప్పుడు “ఫైసలా అయింది” అనేవాడు. ఫైసలా అరబ్బీ నుంచి వచ్చిన మాట. దాని మూలార్థం వేరుచేయడం. ఉర్దూలో కచ్చితమైన, తిరుగులేని అనే అర్థంలో వాడే ‘ఖతయీ’ కూడా కోత అన్న ధాతువు నుంచి వచ్చిందే. ఇక తెలుగు చూడండి. బేరం తెగింది అంటాం. తగువు తెగలేదు అంటాం. తెగేసి చెప్పాడు అంటాం. తెగడమంటే కోతపడడమే. మా గల్లీలో వినిపించే రెండు భాషలూ, కాలేజీలో నేర్చుకున్న మూడో భాషా, నిర్ణయం గురించి ఆలోచించేటప్పుడు కత్తినే చేతిలోకి తీసుకున్నాయి. బహుశా ఆస్తి పంపకాలూ సరిహద్దు తగాదాలూ తీర్చే చోట ఈ మాటలు పదునెక్కి ఉంటాయి. అక్కడ కూచుని తీర్పు చెప్పినవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరుండి ఉంటారో మనం ఊహించుకోవచ్చు.

తెలుగులో మాత్రం ఒక విశేషముంది. తెగు, తెంచు, తెగించు అని మూడు క్రియలున్నాయి. తాడు తానుగా తెగుతుంది. ఎవరో దాన్ని తెంచుతారు. తెగించడం ఈ రెండూ కాదు. తెగించిన మనిషి తనకు తాను కోతకు సిద్ధపడుతుంది. ఏమైనా కానీ అనుకుని తన్ను తాను ఒడ్డుతుంది. తెంచేవాడి కోత ఇంకొకరి మీద పడుతుంది. తెగించేవాళ్ళ కోత వాళ్ళ మీదే పడుతుంది. ఇంగ్లీషు డెసిసివ్‌లో ఈ తేడా లేదు. తెలుగులో ఉంది. ఉండీ మనం దాన్ని వాడుకోలేదు. పైగా ఆడదాని విషయానికొచ్చేసరికి తిరగేసి వాడుకున్నాం.

ఎలాగంటారా? మగవాడు తెగేసి చెబితే నికార్సైన మనిషి. తెగించినవాడికి తెడ్డే లింగమని వాడికొక సామెత కూడా ఉంది. అదే ఆడది తెగిస్తే బరితెగించింది. తెంపరి. ఆమెకు మనం చెప్పే సామెత వేరు, తెగేదాకా లాగొద్దు. సంసారం విషయంలో, ఆస్తి విషయంలో, దెబ్బలు తిన్న విషయంలో ఈ సామెత వినని ఆడపిల్ల తెలుగునాట ఉంటుందా? అంటే తెగకుండా చూసుకునే బాధ్యత ఆమెది, తెంచే అధికారం ఇంకొకరిది.

మూడో రకం కూడా ఉంది. ఆడది నిర్ణయం తీసుకున్నప్పుడు అది నిర్ణయంగా నమోదు కాదు. పెళ్ళికి ఒప్పుకుంది అంటాం. ఉద్యోగం మానుకుంది అంటాం. సర్దుకుపోయింది అంటాం. వీటి వెనక ఎన్ని రాత్రుల లెక్కలుంటాయో, ఏది వదులుకుంటే పిల్లలకు ఏది మిగులుతుందన్న తూకాలుంటాయో మనందరికీ తెలుసు. అయినా వాటికి నిర్ణయమన్న పేరు పెట్టం. ప్రతి ఎన్నికలకూ పత్రికలు మహిళల ఓట్లే నిర్ణయాత్మకమని రాస్తాయి. ఓటు నిర్ణయాత్మకం, ఓటేసిన మనిషి కాదు. 2023లో చట్టసభల్లో మూడోవంతు స్థానాల రాజ్యాంగ సవరణ ఆమోదం పొందినప్పుడు కూడా, అమలును జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టే ఆ చట్టం రాశారు. మన విషయంలో నిదానం ఎవరికీ లోపంగా కనిపించదు.

చాదర్‌ఘాట్ నుంచి కోఠీ వైపు నడిస్తే పాత బ్రిటిష్ రెసిడెన్సీ వస్తుంది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కలనంతా చాదర్‌ఘాట్ అనే పిలిచేవాళ్ళు. 1924లో మొదలైన మహిళా కళాశాల 1949లో ఆ భవనంలోకి వచ్చింది. మన రచయిత్రులూ అధ్యాపకురాళ్ళూ ఎంతోమంది ఆ పెద్ద స్తంభాల కిందే చదువుకున్నారు. ఆ భవనం కట్టించిన రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. 1798లో హైదరాబాదులోని ఫ్రెంచి సేనను నిరాయుధం చేయడంతో కంపెనీవాళ్ళ దృష్టిలో గట్టిగా నిర్ణయం తీసుకోగల అధికారి అయ్యాడు. నగరంలోని గొప్పింటి పిల్ల ఖైరున్నీసాను పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకొక కొడుకు, ఒక కూతురు. 1805లో ఆ పిల్లల్ని, నాలుగేళ్ళవాణ్ణీ మూడేళ్ళదాన్నీ, ఇంగ్లండులో పెంచడానికి ఓడెక్కించారు. ఆ సంవత్సరమే అతను కలకత్తాలో చనిపోయాడు. ఖైరున్నీసా 1813 దాకా బతికింది. పిల్లల్ని మళ్ళీ చూడలేదు.

ఆ ఇద్దరిలో తెగించింది ఎవరని నేను ఇన్నేళ్ళ తర్వాత అడుగుతున్నాను. రెండు మతాలకూ, రెండు రాజ్యాలకూ మధ్య నిలబడి, పెద్ద కుటుంబంలోంచి ఒక పరదేశి దగ్గరికి వచ్చిన ఆ పిల్ల తన పరువునూ తనవాళ్ళ పరువునూ ఒడ్డింది. పిల్లల భవిష్యత్తు కోసమని అతను తీసుకున్న నిర్ణయం ప్రేమతోనే తీసుకుని ఉండవచ్చు. కంపెనీ పాలనలో తెల్లవాళ్ళ రక్తం కలిసిన పిల్లలకు ఇక్కడ దారులు మూసుకుపోతున్నాయన్నది నిజమే. కానీ ఆ కోత ఎక్కువగా పడింది తల్లి మీద. ఆమె కోసం కట్టించిన రంగ్‌మహల్ ఇప్పుడు లేదు. అతని స్తంభాలున్నాయి.

అదే ప్రాంగణానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. నాకు సంతోషమనిపించింది. ఐలమ్మ తెగింపు ఎలాంటిదో మనకు తెలుసు. పాలకుర్తిలో తాను కౌలుకు చేసుకున్న భూమిలో పండిన పంట విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతుల్లోకి పోనివ్వకుండా, సంఘం అండతో ఇల్లు చేర్చుకున్న మనిషి. ఆమె ఎవరినీ నరకలేదు. తన గింజల ముందు నిలబడింది. దానికి ఆమె చెల్లించిన ధర కూడా తక్కువది కాదు. అయితే ఆ పోరాటంలోనే మరో రకం నిర్ణయాలూ ఉన్నాయి. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివినవాళ్ళు కమలమ్మను మర్చిపోలేరు. దళంతో ఉండాలంటే పసిబిడ్డను ఇతరుల చేతుల్లో పెట్టాల్సి వచ్చిన తల్లి ఆమె. ఆ నిర్ణయం ఎవరిది? ఆమెదే అనొచ్చు, ఆమే బిడ్డనిచ్చింది కదా. ఆమెది కాదనీ అనొచ్చు, ఆమె ముందు రెండు దారులే పెట్టి, ఆ రెండూ కోతలే అయినప్పుడు. 1951 అక్టోబరులో పోరాటం విరమించినప్పుడు కూడా అంతే. తుపాకులు పట్టిన ఆడవాళ్ళకు ఇళ్ళకు వెళ్ళడమే మిగిలింది. ఆ విరమణ సరైనదా కాదా అన్న చర్చ పుస్తకాల నిండా ఉంది. ఆ చర్చలో వాళ్ళను ఎంతవరకు కూచోబెట్టారన్న ప్రశ్న వేయడానికి ముప్ఫై ఏళ్ళకు పైగా పట్టింది. అది కూడా ఆడవాళ్ళే టేప్‌రికార్డర్లు పట్టుకుని ఊళ్ళు తిరిగితే గానీ.

ఇక్కడ నన్ను నేనే ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇదంతా చెప్పి నేను నాన్చుడును గొప్ప చేస్తున్నానా? అలా అయితే అది మోసం. తేల్చుకోలేకపోవడం ఎందరి బతుకుల్ని తిన్నదో మనకు తెలుసు. “ఏం తింటావు?” అంటే “మీ ఇష్టం”, “ఎక్కడికెళ్దాం?” అంటే “మీ ఇష్టం” అని పెరిగిన ఆడపిల్ల, రేపు “ఈ ఇంట్లో ఉంటావా, పోతావా?” అని ఎవరైనా అడిగితే ఏం చెబుతుంది? స్త్రీల ఉద్యమం మనకు నేర్పింది ఆ తెగువే. మా తరం ఆడవాళ్ళు ఉద్యోగాలు చేసినా, విడిపోయినా, ఒంటరిగా పిల్లల్ని పెంచినా దాని పుణ్యమే. నేను కూడా ఒక దశలో తలుపు తీసుకుని బయటికి నడవకపోతే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు.

ఆడది డెసిసివ్‌గా ఉంటే చాలని సంబరపడడమూ కుదరదు. ఇందిరాగాంధీని మంత్రివర్గంలో ఏకైక మగాడనే మాట చాలాకాలం చెలామణీలో ఉండేది. ఆ మాటను మెచ్చుకోలుగా మన ఆడవాళ్ళం కూడా వాడాం. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ ప్రకటించినప్పుడు కూడా అది డెసిసివ్ చర్యే. ఆ కోత ఎక్కడెక్కడ పడిందో, ఎవరి ఒళ్ళ మీద పడిందో తర్వాత తెలిసింది. కత్తి ఆడచేతిలో ఉన్నంతమాత్రాన కోత మారదు.

కాబట్టి నాకు మిగిలిన ప్రశ్న త్వరగా తేల్చడమా, నిదానంగా తేల్చడమా అన్నది కాదు. కోత ఎవరి మీద పడుతోంది, వాళ్ళను అడిగారా అన్నది. నా మీద పడేదైతే నేను క్షణంలో తెగించవచ్చు, అది నా హక్కు. ఇంకొకరి మీద పడేదైనప్పుడు నా వేగం గుణం కాదు. ఎదుటివాళ్ళ వంతు టైము కూడా నేనే తినేయడం. ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా ఇంటికొచ్చే ఒక దర్జీ ఆమె దగ్గర దొరికింది.

ఆమె చీరలకు ఫాల్, పికో చేస్తుంది, జాకెట్లు కుడుతుంది. చాదర్‌ఘాట్ వంతెన దగ్గర మూసీ ఒడ్డు బస్తీలో ఉండేది. 2024 సెప్టెంబరు చివర నది గర్భంలో ఉన్నాయన్న ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బి-ఎక్స్ అని రాసిపోయిన సంగతి మీరంతా చదివే ఉంటారు. మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లో ఆ అక్షరాలు చూసి ఆడవాళ్ళు రోడ్డు మీదికొచ్చారు. ఒప్పుకున్నవాళ్ళకు మలక్‌పేట వంటి చోట్ల డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళిచ్చారు. అక్టోబరు మొదట్లో ఖాళీ అయిన ఇళ్ళను కూల్చడం మొదలైంది. దీన్ని డెసిసివ్ అన్నవాళ్ళున్నారు. ఇన్నేళ్ళకు ఎవరో ఒకరు గట్టిగా పూనుకున్నారని.

ఆ రోజుల్లోనే ఆమె నా జాకెట్టు పట్టుకుని వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. ఏమైందన్నాను.

“సోచాయిస్తున్న టీచరమ్మా. మా ఆయన సరే అనేసిండు. నేను రెండు దినాలు ఆగుమన్న. ఆడ మూడో అంతస్తంటే మిషను యాడ పెట్టాలె? ఒక ఫాల్ కోసం గన్ని మెట్లెక్కి ఎవలొస్తరు? పిల్ల ఈయేడు పది, బడి ఈడనే ఉండె. నేను గిట్ల అడుగుతుంటే వచ్చినాయన, ఈమె ఏదీ తేల్చదు అన్నడు.”

ఆ మాటకు నాకు లోపలెక్కడో చురుక్కుమంది. అదే వాక్యం నేను ఇంగ్లీషులో రాశాను కదా.

ఆమె తేల్చింది. నాలుగురోజులు పట్టింది. బస్సెక్కి వెళ్ళి ఆ ఇల్లు చూసింది. మెట్లు లెక్కపెట్టింది. నీళ్ళెప్పుడొస్తాయో అక్కడున్నవాళ్ళనడిగింది. కింద ఒక చిన్న దుకాణంలో ఇంకో దర్జీతో మాట్లాడి, అద్దెలో సగం పెట్టుకుని తన మిషను పెట్టుకోవడానికి ఒప్పించింది. పిల్లకు పరీక్షలయ్యేదాకా బస్సు పాసు తీసింది. అప్పుడు తాళం చేతిలోకి తీసుకుంది. ఆమె భర్త అరనిమిషంలో చెప్పింది కూడా ‘సరే’నే. ఆమె నాలుగురోజుల తర్వాత చెప్పింది కూడా ‘సరే’నే. ఆ రెంటికీ తేడా లేదంటారా? మొదటి సరేతో వాళ్ళకు ఇల్లు మాత్రమే దొరికేది. రెండో సరేలో బువ్వ కూడా ఉంది.

కథ ఇక్కడాగితే నా వాదనకు హాయిగా ఉండేది. కానీ 2025 సెప్టెంబరు చివరలో జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ పొంగింది. చాదర్‌ఘాట్ చిన్న వంతెన మూసేశారు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్లోకి నీళ్ళొచ్చాయి. ఒడ్డు బస్తీలు మునిగి జనాన్ని తరలించారు. ఆమె పాత ఇల్లున్న జాగా కూడా నీళ్ళలో ఉంది. ఆ వారం ఆమె వచ్చినప్పుడు, వెళ్ళిపోవడమే మంచిదయింది కదా అన్నాను. కొంచెం తప్పొప్పుకుంటున్నట్టే అన్నాను.

“పోవుడు మంచిగనే అయింది టీచరమ్మా. నేను కాదంటనా? అడిగిన తీరే మంచిగ లేకుండె. మీ జాకెట్టు గుడ్డ నేను కొలవకుంట కోస్తనా? ఒక్కపాలి కత్తెర వెట్టినంక మల్ల అతుకు పడదు. గుడ్డ మీది గద, నాది గాదు.”

ఆమె మాటల్లో ఒక జాగ్రత్త ఉంది. సరైన నిర్ణయం వేరు, దాన్ని సరిగ్గా తీసుకోవడం వేరు. ఫలితం మంచిదైనంత మాత్రాన అడక్కపోవడం ఒప్పయిపోదు. అడిగారు కాబట్టి ఫలితం మంచిదవుతుందన్న హామీ కూడా లేదు. అయినా గుడ్డ ఎవరిదో వాళ్ళ కొలత తీసుకోవాలి.

ఈ ఊరికి అది తెలియని సంగతి కూడా కాదు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరదలో వేలమంది పోయారు. ఆ తర్వాత 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన వరదను లెక్కగట్టి, ఎగువన నీటిని ఆపాలని చెప్పాడు. ఉస్మాన్‌సాగర్ 1920కి, హిమాయత్‌సాగర్ 1927కి పూర్తయ్యాయి. అంత పెద్ద విషాదం తర్వాత కూడా ముందు కొలత, తర్వాత కట్టడం. రాజులకాలపు పనిని నేను ఆదర్శమనడం లేదు. అప్పుడూ ఒడ్డున ఉన్న ఆడవాళ్ళను అడిగి చేసినట్టు నేనెక్కడా చదవలేదు. నిదానానికీ గట్టిదనానికీ వైరం లేదని మాత్రమే చెబుతున్నాను.

సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘నిర్ణయం’ అన్న మాటలో కోత లేదు. అందులో ఉన్న ధాతువుకు నడిపించడం, తీసుకుపోవడం అని అర్థం. ఇది గమనించాక నాకు నా కొలీగ్ గుర్తొచ్చింది. ఆమె ఆ వారం రోజులూ చేసింది అదే. రిజిస్టరు ముందు కూచోకుండా తొమ్మిది ఇళ్ళకు నడిచింది. ఆరుగురిని పరీక్ష హాలు దాకా నడిపించింది. మిగతా ముగ్గురి పేర్లు రాసేటప్పుడు వెనకాడలేదు, వాళ్ళింటికి తానే వెళ్ళి చెప్పి వచ్చింది. ఎర్ర పెన్ను ఆయన ఎవరి మొహం చూసీ చెప్పలేదు. వీళ్ళిద్దరిలో గట్టి మనిషి ఎవరు? నాకప్పుడు కనిపించలేదు. ఎందుకంటే నా కళ్ళకు గట్టిదనమంటే మగవాళ్ళ మీటింగుల్లో చూసిన గట్టిదనమే. నేనూ ఆ మీటింగుల్లో నిలదొక్కుకోవడానికి అదే నేర్చుకున్నాను. నేర్చుకున్నదాంతోనే ఇంకొక ఆడదాన్ని కొలిచాను.

కిందటి నెల ఆమెకు ఫోన్ చేశాను. ఆ కాయితం సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “నాకు తెలుసు మేడమ్. ఎవరో అప్పుడే చెప్పారు” అంది. ఇన్నేళ్ళూ తెలిసే నాతో పండగలకు ఫోన్లు చేసింది, నా రిటైర్‌మెంటు సభలో మాట్లాడింది. క్షమించమని అడిగాను. “ఆలోచించుకుని చెబుతాను మేడమ్” అంది.

నేను విసుక్కోలేదు. ఎన్నాళ్ళు పడుతుందో అడగనూ లేదు.